ఎడమకు వాలిన అంచు

పందొమ్మిది వందల అరవై మూడులో చెన్నూరు నర్మదకు తమ్ముడు అంబదాస్ పేరెత్తితేనే ఒళ్లు మండేది.

ఆమె చీర అంచులో కుడికి వాలిన గీతలు నేసేది. ఆమె మగ్గం మీద చిన్న చిన్న కొయ్య పట్టీలు వరుసగా తిరుగుతయి. ఒక్కో పట్టీకి నాలుగు చిల్లులు. మేకు పెట్టిన చిల్లు దారాన్ని లేపుతది, ఖాళీది లేపదు. ఇచ్చోడలో మగ్గం నేసే అంబదాస్, “గా అంచు నాకు గూడ కావాలె అక్కా” అని కార్డు రాసిండు.

నలభై పట్టీల బొమ్మ కార్డు మీద ఎట్ల పడతది? నర్మద ఆలోచించి, కుడిదిక్కు నుంచి చిల్లులకు ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది అని లెక్క పెట్టింది. మేకులున్నవాటిని కూడితే పట్టీకొక్క అంకె. నలభై అంకెలు రాసి పంపింది.

నెల దాటినంక అంబదాస్ ముక్క నేసి పంపిండు. గీతలన్ని ఎడమకు వాలినయి!

“మగ్గం వెనకనుంచి మేకులు కొట్టిండు ఎడ్డోడు! వాని కుడి నా ఎడమ!” అని నర్మద నెత్తి కొట్టుకుంది. ముందరికొచ్చి కొట్టుమని రాస్తే, “మా ఇంట్ల మగ్గం ముందర సందు లేదక్కా” అన్నడు.

ఇగ ఆమెనే కూచొని, చిల్లులను ఎడమదిక్కు నుంచి లెక్క పెట్టి ప్రతి అంకెను అటిటు మార్చింది. ఒకటి ఎనిమిదైంది, రెండు నాలుగైంది, పదమూడు పదకొండైంది. పొయ్యి మీద అన్నం మాడింది.

“అంకెలతోని నీకేం పని?” అన్నడు పెనిమిటి దశరథం.

“నీ బామ్మర్దికి కుడెడమలు తెల్వకపోతే నాకే పని!”

రెండో ముక్క వచ్చింది. మళ్ల ఎడమకే. తోడుగ చీటీ: “ఫికర్ చెయ్యకు అక్కా. తప్పేందో నాకు సమజైంది. ఈసారి అన్ని నేనే తిప్పి పెట్టిన.”

ఆమె తిప్పినదాన్ని వాడు మళ్ల తిప్పిండు. మొదటికే వచ్చింది.

నర్మద ఆ చీటీ చింపి పొయ్యిల పారేసింది. మూడోనాడు అంకెల కాగితం ముందరేసుకొని సూస్తే, ఆరు, తొమ్మిది, పదిహేను ఎటు తిప్పినా మారకుండ ఉన్నయి. వాలుగీతలు వదిలేసి, గా మూడింటితోనే గవ్వలు పేర్చినట్టుండే కొత్త అంచు కట్టింది. ఆరు, తొమ్మిది, ఆరు, నడుమ పదిహేను.

“ముందునుంచి పెట్టు, వెనకనుంచి పెట్టు, నీ ఇష్టం. నన్ను మాత్రం అడగకు,” అని రాసింది.

దసరా ముందర అంబదాస్ గా అంచు చీర పట్టుకొని చెన్నూరొచ్చిండు. మొకం ఎలిగిపోతుంది.

“అక్కా, ఇచ్చోడ అంగట్ల దీన్ని ఏమంటున్నరో ఎరుకేనా? అంబదాస్ అంచు!”

నర్మద చీర గుంజుకొని, తిట్టడానికి ఒక్క తప్పన్న దొరుకుతదేమోనని అంచు కొసదాక సూసింది. దొరకలే. గది ఆమెకు ఇంకింత కోపం తెచ్చింది.