పనసకాయ సినిమా

మా ఆవిడ పోయాక పలకరించడానికి వచ్చినవాళ్లంతా ఒకటే మాట అన్నారు, ఎంతైనా నవ్విస్తూ సాగనంపావు అని. అబద్ధం కాదు. కానీ ఆఖర్న ఎవరు ఎవరిని నవ్వించారో వాళ్లకు తెలియదు. అది చెప్పాలంటే సినిమా పుట్టుక దగ్గర్నుంచి చెప్పుకురావాలి. భయపడకండి, నేను ఎనిమిదో తరగతి దాటనివాణ్ణి. నా చరిత్ర పుస్తకం పల్చగానే ఉంటుంది.

మా తాత రోజుల్లో బొమ్మకు నోరు లేదు. బరంపురంలో డేరా వేసి, తెర కట్టి ఆడించేవారట. తెర పక్కన ఒక మనిషి కర్ర పట్టుకుని నిలబడి, ఇదిగో వీడు రాజు, వీడికి పోయేకాలం దాపురించింది అంటూ కథ చెప్పాలి. ఆ మనిషి మా తాత. రెండు భాషల ఊరు కాబట్టి ప్రతి మాటా ముందు తెలుగులో అని, వెంటనే ఒడియాలో అనేవాడు. తెలుగువాళ్లు ముందు నవ్వేవారు, ఒడియావాళ్లు ఆ వెనకాల నవ్వేవారు. ఒక్క హాస్యానికి డేరా రెండుసార్లు ఊగేదని మా నాన్న చెప్పేవాడు. తరువాత బొమ్మే మాట్లాడటం మొదలుపెట్టింది. తాత కర్ర తెచ్చి అటక మీద పడేసి, “పాపం, దానికి ఒక్క బాసే వచ్చు” అన్నాడట.

నా కాలానికి డేరా పోయి హాలు వచ్చింది. బడి నన్ను వదిలేశాక అందులో గేటు దగ్గర టికెట్లు చింపే పనికి కుదిరాను. చింపడంలో నాకు చిన్నప్పటినుంచీ పేరుంది, పుస్తకాలతో మొదలుపెట్టాను కదా. ఆడవాళ్ల టికెట్ల కిటికీ వెనక ఛత్రపురం వైపు నుంచి వచ్చిన ఒడియా అమ్మాయి ఒకతె కూర్చునేది. ఆట మొదలవగానే కిటికీ మూసేసి లోపలికి వచ్చి వెనక గోడకు ఆనుకుని నిలబడేది. సినిమాలేమో తెలుగువి, ఆమెకు తెలుగు ముక్క రాదు. పక్కనున్నవాణ్ణి కాబట్టి చెవి దగ్గర ఒడియాలో చెప్పేవాణ్ణి. మా ఊళ్లో ఇది మామూలే. ఏ వరసలో చూసినా ఒకడు చెవిలో ఊదుతూ ఉంటాడు, ఇంకొకడు వింటూ ఉంటాడు.

మొదట్లో ఉన్నదున్నట్టే చెప్పాను. అయితే నా నాలుక ఉన్నదాన్ని ఉన్నట్టు మోసే రకం కాదు. ఒకసారి తెర మీద తండ్రి చచ్చిపోయాడు, కూతుళ్లు మీదపడి ఏడుస్తున్నారు. ఆయన పప్పులో ఉప్పు ఎక్కువైందని అలిగి పడుకున్నాడు, వీళ్లు లెమ్మని బతిమాలుతున్నారు అన్నాను. హాలంతా ముక్కులు చీదుతోంది, వెనక గోడ దగ్గర ఒక్క పిల్ల కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. ఆ నవ్వును నేనే పెళ్లి చేసుకున్నాను. రెండిళ్లవాళ్లూ కొంతకాలం మాట్లాడుకోలేదు. తరువాత మాట్లాడుకున్నా ఒకరి భాష ఒకరికి సరిగా రాదు కాబట్టి తగాదాలు పెరగలేదు.

అప్పట్లో ఒకే ప్రింటుతో బరంపురంలోనూ ఇచ్ఛాపురంలోనూ ఆట నడిపేవారు. అక్కడ అయిపోయిన రీళ్లు మోటారుసైకిల్ మీద ఇక్కడికి రావాలి. దారిలో గిరిసోల దగ్గర రైలుగేటు పడిందంటే హీరో గేటు అవతలే ఆగిపోయేవాడు. హాల్లో ఈలలు, బల్లల మీద దరువులు. మేనేజరు నన్ను తెర ముందుకు తోసేవాడు. రాబోయే రీలులో ఏం జరుగుతుందో నాకు తోచింది తోచినట్టు చెప్పేవాణ్ణి, తాతలాగే రెండు భాషల్లో. రీలు వచ్చాక, నువ్వు చెప్పిందే బాగుంది అని కొందరు సణిగేవారు. ఆ కొందరిలో మా ఆవిడే ముందు.

తరువాత రీలు పెట్టెలు రావడం ఆగిపోయింది. బొమ్మ ఆకాశం నుంచి దిగుతోంది అన్నారు. టికెట్లు ఫోన్లోకి ఎక్కాయి, ఆవిడ కిటికీ మూతపడింది. చివరికి హాలే పెళ్లిళ్ల మండపం అయింది. నేను బట్టల కొట్లో గుమ్మం దగ్గర నిలబడి రండి రండి అనే పనిలో చేరాను. ఆవిడ ఇల్లు చూసుకునేది. మాకు పిల్లలు కలగలేదు, సినిమాలకు మాత్రం లోటు రానివ్వలేదు.

ఇన్నేళ్లలో ఆవిడకు తెలుగు రాలేదనుకునేరు. సోనేపూర్ నుంచి చేపలు తెచ్చే మనిషితో ఆవిడ తెలుగులో తగువుపడితే, ఆ చేపల మనిషే బుట్ట దించి చెవి ఒగ్గి వినేది. కానీ హాల్లో దీపాలు ఆరిపోయాయంటే చాలు, ఆవిడ తెలుగూ ఆరిపోయేది. మోచేత్తో నా డొక్కలో పొడిచి, ఏమంటున్నాడు అని ఒడియాలో అడిగేది. నేను చెప్పాలి. అది మా మధ్య ఒప్పందం. ఎవరూ రాసుకోలేదు, ఎవరూ తప్పలేదు.

మేం కలిసి చూసిన ఆఖరి సినిమా మెత్తటి కుర్చీల కొత్త హాల్లో. హీరో తనంత పొడుగు కత్తి పట్టుకుని ఊళ్లమ్మట తిరుగుతున్నాడు. నల్ల కార్లు వస్తున్నాయి, మనుషులు ఎగిరిపడుతున్నారు. డొక్కలో మోచెయ్యి తగిలింది. ఏం లేదు, వీడి పెళ్లానికి పనసకాయ కూర మీద మనసు పుట్టింది, వీడు కాయ కోసం బయల్దేరాడు, కత్తి దాన్ని కొయ్యడానికి అన్నాను. మరి ఆ కార్లు? పనసచెట్టు కాపలావాళ్లు. ఆ ముసలాయన ఎందుకు అరుస్తున్నాడు? కాయ ఇంకా ముదరలేదంటున్నాడు.

ఆవిడ నవ్వు మొదలైంది. పొట్ట పట్టుకుని ముందుకు వంగిపోయింది. నేను రెచ్చిపోయి ఇంకా చెప్పాను. విశ్రాంతికి దీపాలు వెలిగాక చూస్తే ఆవిడ నవ్వడం లేదు. మొహమంతా చెమట. నొప్పి చాన్నాళ్లుగా ఉందట, నాతో అనలేదు. బయటికి నడిపించుకొచ్చాను. మిగతాది రేపు చూద్దాంలే అంది.

పెద్దాసుపత్రిలో కడుపు తెరిచి చూసి, ఏమీ చెయ్యకుండా మళ్లీ కుట్టేశారు. వరండాలోకి పిలిచి నాకు ఒడియాలో చెప్పారు. అర్థం కానట్టు నిలబడితే తెలుగు తెలిసిన నర్సమ్మ వచ్చి తెలుగులో చెప్పింది. రెండు భాషల్లోనూ ఒకే అర్థం వచ్చింది. జీవితంలో మొదటిసారి, ఒకరు చెప్పింది మార్చి ఆవిడకు ఎలా చెప్పాలో నాకు తోచలేదు. లోపలికి వెళ్లాను. ఆవిడ నా మొహం చూసింది. డాక్టర్లు ఏమన్నారో అడగనే లేదు. ఇంతకీ వాడికి పనసకాయ దొరికిందా అని అడిగింది.

అప్పటినుంచి సాయంత్రం చూడనిచ్చే వేళకు నేను వెళ్లడం, ఆవిడ ఆ సినిమా సంగతి అడగడం. రెండో సగం నేను మాత్రం చూశానా? కల్పిస్తూ పోయాను. హీరోని తప్పు బస్సు ఎక్కించాను. గిరిసోలలో దింపాను. సోనేపూర్‌లో వలలు లాగించాను. పొడంపేట దగ్గర తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వచ్చాయి, కాలు పెట్టడానికి సందు లేదు, పాపం అక్కడే కూర్చుండిపోయాడు అన్నాను. పక్క మంచాల ఆడవాళ్లు కూడా చెవులు ఇటు పెట్టారు. కాయ మాత్రం దొరకనివ్వలేదు. దొరికితే వాడు ఇంటికి పోతాడు. వాడు ఇంటికి పోతే ఈ మంచం దగ్గర నాకు చెప్పడానికి ఏమీ మిగలదు.

ఈలోగా ఆవిడ తమ్ముడు అక్కను చూడటానికి వచ్చాడు. ఆ వైపు అక్కను నానీ అంటారు. నానీ, ఆ సినిమా సగంలో వదిలేశావట, నేను మొత్తం చూశాను అని కూర్చుని, పాపం శ్రద్ధగా చెప్పాడు. హీరో అందరినీ నరికేస్తాడట. అసలు దుర్మార్గుడు వాడి సొంత బాబాయేనట. చెల్లెల్ని చంపిన పగట. ఆవిడ తల ఊపుతూ మర్యాదగా వింది. వాడు కమలాపళ్లు కిటికీ గట్టు మీద పెట్టి వెళ్లిపోయాక నావైపు తిరిగింది.

“పాపం, ఆడేదో వేరే సినీమాకి ఎల్లినాడు,” అంది. “అది మన సినీమా కాదు.”

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

“నువ్వు కావాలనే ఆడ్ని తిప్పుతన్నావు. నాకు తెల్దేటి? అలిసిపోనాడు. ఇంటికి ఎల్లనీ.”

వద్దు, రేపు అన్నాను. రేపటి సంగతి ఎవరు చూశారు అని ఆవిడ అనలేదు. నా చెయ్యి మాత్రం వదల్లేదు. సరేనని మొదలుపెట్టాను, ఎప్పటిలా ఒడియాలోనే. ఎవరో పుణ్యాత్మురాలు వాడికి కాయ ఇచ్చింది. భుజాన వేసుకున్నాడు. సందు మలుపు తిరిగాడు. తలుపు కొట్టాడు. పెళ్లాం వచ్చి తలుపు తీసింది.

“తియ్యదు,” అంది ఆవిడ.

ఏం?

“ఆవిడ నేదు. తాళంసెవి పక్కింట్లో ఇచ్చీసి ఎల్లిపోనాది. ఆడే తీసుకోవాలి.”

తెర ముందు ఎన్నిసార్లు నిలబడ్డానో, నా కథను ఒక్కసారీ ఎవరూ మధ్యలో మార్చలేదు. ఆవిడ మోచేత్తో పొడిచింది. అందులో బలం లేదు. చెప్పు అన్నట్టు చూసింది. తాళం తెచ్చుకున్నాడు అన్నాను. లోపలికి వెళ్లాడు. కాయ కింద పెట్టి కత్తి తీశాడు.

“ముందు సేతులకి నూనె రాసుకోమను. జిగురు అంటుకుంటే వదల్దు.”

రాసుకున్నాడు. కోశాడు. ముక్కలు పొయ్యి మీద పెట్టాడు.

“నీల్లు ఎక్కువ పొయ్యొద్దని సెప్పు. ఆడికి అన్నింట్లోనూ నీల్లు పొయ్యడం అలవాటు.”

నేను ఒడియాలో చెబుతున్నాను, ఆవిడ తెలుగులో దిద్దుతోంది. మసాలా ఏ డబ్బాలో ఉందో చెప్పింది. అటక మీది పెద్ద గిన్నె వద్దు, ఒక్కడికి చిన్నది చాలు అంది. పక్క మంచం ఆవిడ అటు తిరిగి మొహం మీదికి దుప్పటి లాక్కుంది. కూర అయింది. వాడు కంచం పెట్టుకుని కూర్చున్నాడు.

“బాగుందా?” అని అడిగింది.

“ఉప్పు తక్కువైంది,” అన్నాను.

ఆవిడ నవ్వింది. చప్పుడు లేదు, భుజాలు కదిలాయి. కుట్లు లాగాయేమో, కళ్లు మూసుకుంది. తినేశాడా అని అడిగింది. తినేశాడు, కంచం కడిగేశాడు, ఇంక అయిపోయింది, దీపాలు వేశారు అన్నాను. చూసే వేళ అయిపోయిందని గేటు మనిషి అప్పటికే అందరినీ బయటికి పంపుతున్నాడు. నేనూ లేవబోయాను. ఆవిడ చెయ్యి పట్టి ఆపింది.

“కూకో. జనాన్ని ఎల్లనీ. ఆ తొక్కిడిలో నాను నడవనేను.”

గేటు మనిషి మా మంచం దాకా వచ్చి, ఆవిడ మొహం చూసి వెనక్కి వెళ్లిపోయాడు. జనం ఒక్కొక్కరే బయటికి పోతున్నారు. మేం కూర్చున్నాం.