రెండో బటన్ సంగతి అతనికి తెలియదు

ఏళ్లుగా ఒక మాటను మోస్తున్నాను. పెద్ద మాటేం కాదు. "ఆయనకు తెలుసు సార్" అన్నాను, అంతే. అన్నం తింటుంటే గుర్తొస్తుంది, సగంలో లేచిపోతాను. నా భార్యకు కూడా చెప్పలేదు. ఇది చదివే నీకెందుకు చెబుతున్నానంటే, నువ్వు నన్ను ఎరగవు. పిరికివాడికి అలాంటివాళ్లే కావాలి.

నాచారంలో రేకు సామాన్లు చేసే ఒక చిన్న ఫ్యాక్టరీలో అప్పుడు నేను షిఫ్ట్ సూపర్‌వైజర్‌ని. ప్రెస్ మిషన్‌కు అటొకటి, ఇటొకటి రెండు బటన్లుంటాయి. రెండు చేతులతో రెండూ నొక్కితేనే పైనున్న ఇనుప దిమ్మ దిగి రేకును వంచుతుంది. చేతులు బటన్ల మీదుంటే దిమ్మ కింద ఉండవు కదా, అందుకే అలా చేశారు. కానీ మా దగ్గర ఒక బటన్‌ను చెక్కముక్కతో బిగించేసేవాళ్లం. అప్పుడు ఒక చేత్తో రేకు పెడుతూ ఇంకో చేత్తో నొక్కొచ్చు, పని గబగబా తెములుతుంది. ఆ ముక్కను చెక్కింది నేనే. తనిఖీకి ఎవరైనా వస్తున్నారంటే దాన్ని ఊడబీకి జేబులో వేసుకునేదీ నేనే. ఎందుకు దాచేవాణ్ణి? తెలియనివాడు దాస్తాడా?

యేసుదాసు జనగామ వైపు పల్లె నుంచి వచ్చాడు. భార్యతో ఉప్పల్‌లో ఒక గది అద్దెకు తీసుకున్నాడు. అంతకుముందు ప్రెస్ మొహం చూసినవాడు కాదు. పనిలో చేరిన రోజే చెక్కను వేలితో తట్టి అడిగాడు.

"అన్నా, గీ చెక్క ఏంది?"

"గది గట్లనే ఉంటది. నువ్వు ముట్టకు."

సరే అన్నాడు. ముట్టలేదు. అది మిషన్‌తో పాటే వచ్చిందనుకున్నాడు. ఆ ఎండాకాలం ఒక మధ్యాహ్నం, రేకు సరిచేయబోయి ఎడమచెయ్యి లోపల ఉండగానే కుడిచెయ్యి అలవాటుగా బటన్ నొక్కింది. నాలుగు వేళ్లు పోయాయి. దవాఖానాకు తీసుకెళ్తుంటే ఆటోలో నా భుజం మీద తల వాల్చి, రేకు ఖరాబైంది, ఏమనుకోకు అన్నాడు.

తర్వాత పరిహారం కోసం కేసు వేశాడు. విచారణకు ముందు మా ఓనర్ వకీలు నన్ను కూర్చోబెట్టి చట్టం చెప్పాడు. బటన్ తన క్షేమం కోసమేనని తెలిసి కూడా కార్మికుడే దాన్ని పనికిరాకుండా చేస్తే కంపెనీ ఇవ్వక్కర్లేదట. అతనికి తెలియదంటే మాత్రం ఇవ్వాల్సిందేనట. అంతా ఆ తెలియడం మీదే ఉందన్నాడు. చెక్క పెట్టింది నువ్వని తేలితే కేసు నీ మీదికి తిరుగుతుంది, చూసుకో అని కూడా అన్నాడు.

బటన్ ఎందుకో అతనికి తెలుసా అని విచారణలో అధికారి అడిగాడు. ఆయనకు తెలుసు సార్ అన్నాను. మొదటిరోజే నేనే చెప్పానన్నాను. వద్దన్నా వినకుండా చెక్క అతనే పెట్టుకున్నాడన్నాను. నాకు తెలిసినదంతా తీసి అతని నెత్తిన పెట్టాను. అతనికి పైసా రాలేదు.

కావాలని అతని వేళ్లు తీశానా? లేదు. ఆ మాట ప్రమాణం చేసి చెప్పగలను. మరి ఏదో ఒక రోజు ఎవరిదో ఒకరి చెయ్యి పోతుందని తెలుసా? తెలుసు. తెలిసే రోజూ పొద్దున్నే ఆ చెక్కను బిగించాను. కావాలని చేయలేదు కదా అని ఇన్నాళ్లూ నన్ను నేను బుజ్జగించుకున్నాను కానీ, వకీలు చెప్పిన చట్టం నన్ను ఆ మాట అడగనే లేదు. నీకు తెలుసా అని మాత్రమే అడిగింది.

మొన్న ఉప్పల్ రింగురోడ్డు బస్టాప్‌లో యేసుదాసు కనిపించాడు. పీర్జాదిగూడలో ఒక అపార్ట్‌మెంట్‌కు వాచ్‌మన్‌గా చేస్తున్నాడట. తప్పించుకుందామనుకున్నాను, తనే వచ్చి పలకరించాడు. మా పిల్లల గురించి అడిగాడు. ఎడమచెయ్యి జేబులోంచి తీయలేదు.

"నువ్వు చెప్పే ఉంటవ్ అన్నా. చెక్క గూడ నేనే పెట్టిన్నో ఏమో, మర్శిపోయిన గావచ్చు. నువ్వెందుకు అబద్ధం జెప్తవ్?"

కోపంతో అని ఉంటే భరించేవాణ్ణి. అతను నిజంగానే తనను తాను అనుమానిస్తున్నాడు. బస్సు రాగానే ఎక్కేశాను. అది నా బస్సు కూడా కాదు.

క్షమించమని నిన్ను అడగను, అది నీ చేతిలో లేదు. అతని ముందు నిలబడే ధైర్యం వస్తుందని మాటా ఇవ్వను. ఎక్కడా అనలేని మాట ఇక్కడ రాస్తుంటేనే కాస్త ఊపిరాడుతోంది. అందుకూ సిగ్గుగానే ఉంది.

యేసుదాసూ, నేను నీకు చెప్పలేదు. చెక్క నువ్వు పెట్టలేదు. నువ్వేం మర్చిపోలేదు.