జగ్గమ్మ ఆగస్టు పదిహేను

పొందూరులో అందరికీ ఏడాది పొడుగునా పండగలే. జగ్గమ్మకి మాత్రం ఒకటే, అది ఆగస్టు పదిహేను. ఆ రోజు పొద్దున్నే ఇంటి ముందుకి కారొస్తుంది. ఉత్సవాల పనులు చూసే శైలజ దిగి, రాట్నాన్ని డిక్కీలో పెట్టించి, జగ్గమ్మని పక్కన కూర్చోబెట్టుకుని శ్రీకాకుళం తీసుకెళుతుంది. అక్కడ స్టేజీ మీద గంటసేపు నూలు వడకాలి. మిగతా రోజుల్లో ఆవిడని పలకరించేది ఎవరయ్యా అంటే, ఎవరూ లేరు. మొగుడు పోయి ఇరవయ్యేళ్లు, పిల్లల్లేరు. గోడకవతల వడికే లక్ష్మణమ్మ కూడా పోయిన మాఘంలో పోయింది.

లక్ష్మణమ్మ ఉన్నన్నాళ్లూ సంగతి వేరు. వాలుగ చేప దవడ ఎముకతో దూది ఏకుతూ ఇద్దరూ ఊళ్లోవాళ్లందర్నీ ఉతికి ఆరేసేవారు. దారం తెగితే రాట్నం కదురు మోత మారిపోతుంది. వడికేవాళ్లకి అది చెవిలో ఈగ దూరినట్టే. "ఒసే జగ్గీ, తెగింది సూడు. ఏటాలోసిస్తన్నావే?" అని గోడ అవతల్నుంచి కేక వచ్చేది. ఇప్పుడు ఎన్నిసార్లు తెగినా అడిగే దిక్కు లేదు.

ఈమధ్య తరచూ తెగుతోంది కూడా. కుడికంట్లో పొర కమ్మింది, చెయ్యి వణుకుతోంది. సంగతి శైలజకి తెలిసిందంటే ఇంకొకరిని తీసుకెళుతుంది. అప్పుడు ఆ ఉన్న ఒక్క రోజూ పోతుంది. అందుకే వారం నుంచి జగ్గమ్మ తెల్లారగానే వాకిట్లో వెలుతురుకి కూర్చుని వడుకుతోంది. పదో తరగతి పరీక్షకెళ్లే పిల్లకి కూడా అంత గుండెదడ ఉండదు.

ఈసారీ కారొచ్చింది. శైలజ తెచ్చిన ఖద్దరు చీర కట్టుకుని జగ్గమ్మ స్టేజీ ఎక్కింది. వంద కౌంటు సన్ననూలు వడికే మనిషి ఒంటి మీద ఏడాదంతా ఉండేది నైలాను చీరే మరి, ఏం చేస్తాం!

"ఈ నూలే తెల్లదొరల్ని గడగడలాడించింది" అని మైకులో చెబుతున్నారు. జగ్గమ్మకి అమ్మ గుర్తొచ్చింది. మిల్లుగుడ్డ కట్టనని పంతం పట్టి, తన నూలు చీరయ్యేదాకా ఒక్క పాతచీరతో నెట్టుకొచ్చిన మొండిఘటం. వీధిలో కూర్చుని వడుకుతుంటే పోలీసు వచ్చి రాట్నాన్ని తన్నాడట. అమ్మ దాన్ని మళ్లీ నిలబెట్టి, వాడి ఎదురుగానే వడికిందట.

పావుగంట కాకుండానే దారం తెగింది.

కొస కోసం తడిమింది. కంటికి ఆనలేదు. ఎదురుగా అంతమంది జనం! జగ్గమ్మకి పై ప్రాణాలు పైనే పోయాయి. ఏం చెయ్యాలో తోచక, దారం ఉన్నట్టే ఎడమచెయ్యి పైకి లాగుతూ, కుడిచేత్తో రాట్నం తిప్పుతూ కూర్చుంది. మైకు పక్కనే ఉందేమో, ఖాళీ కదురు మోత మైదానమంతా వినపడింది. ఇప్పుడెవరో ఒకరు అడుగుతారని తలొంచుకుంది. ఎవరూ అడగలేదు. పిల్లలొచ్చి సెల్ఫీలు తీసుకున్నారు. ఒక పెద్దాయన శాలువా కప్పి, దారం లేని ఆ చేతిని రెండు చేతులా పట్టుకుని, "అద్భుతం తల్లీ" అన్నాడు. మొదట హమ్మయ్య అనుకుంది జగ్గమ్మ. కాసేపటికి, అడిగేవాళ్లు ఒక్కరైనా లేరే అని ఆ హమ్మయ్య కాస్తా చేదెక్కింది.

తిరుగు ప్రయాణంలో శైలజ సంబరపడిపోయింది. "అదరగొట్టీసినావు మామ్మా. వచ్చే యేడు కూడా నువ్వే."

జగ్గమ్మ ఇక ఆగలేకపోయింది. "అమ్మా, దారం తెగిపోనాది. ఉత్తి రాట్నమే తిప్పినాను. నువ్వు సూడనేదేటి?"

శైలజ ఫోను తీసి ఫొటోలన్నీ చూసింది. "ఇందులో ఏటీ తెలట్లేదు మామ్మా. నువ్వు బెంగెట్టుకోకు."

జగ్గమ్మ కిటికీ వైపు తిరిగింది. వచ్చే యేడు కారొస్తుంది. రెండు కళ్లూ పోయినా వస్తుంది. వారం నుంచి కుదురుగా ఉండనివ్వని భయం ఆ మాటతో తీరిపోయింది. అది తీరినందుకే ఏడుపు తన్నుకొచ్చింది, ఎంత ఆపుకున్నా ఆగలేదు.

శైలజ అది చూసి ఏసీ తగ్గించింది.

"గాలికి కళ్లు మండుతన్నాయా మామ్మా?"

"ఔనమ్మా" అంది జగ్గమ్మ.