ఒకటో తరగతిలో ఒక పూట

నా చిన్నప్పుడు, భద్రాచలం అవతల అడవి అంచున ఉన్న ఆశ్రమ పాఠశాలలో నేను ఏడో తరగతి, మా చెల్లి ఒకటో తరగతి చదివేవాళ్లం. ఇంట్లో మాట్లాడేది కోయ. నాకు అప్పటికి తెలుగు బాగానే వచ్చింది, చెల్లికి ఇంకా రాలేదు. మా పెద్ద టీచరమ్మది మధిర వైపు. సెలవు రోజుల్లో మా అమ్మల పక్కన కూర్చుని, వాళ్లు నవ్వుతున్నా సిగ్గుపడకుండా ఆమె కోయ నేర్చుకుంది.

ఆ వానాకాలంలో ఒకరోజు బడి ముందు జీపు ఆగింది. సత్తుపల్లి వైపు ఆసామి ఒకాయన, ఇంటర్ పాసైన ఆయన కొడుకు దిగారు. పామాయిల్ తోటలున్న కుటుంబం. టీచరమ్మకు బంధువుల ద్వారా తెలిసినవాళ్లు. కొడుకును పంతులును చేయాలట, ఏ డిగ్రీ చదివిస్తే ఉద్యోగం తొందరగా వస్తుందో చెప్పమని అడగడానికి వచ్చారు. ఆసామి మాటల్లో దాపరికం లేదు. ఇంజనీరింగ్ వీడి వల్ల కాదు, పంతులు పనికైతే సెలవులెక్కువ, తోట కూడా చూసుకోవచ్చు అన్నాడు.

"పిల్లలకి చెప్పడంలో ఏముందమ్మా? బెత్తం ఒకటుంటే సరి" అని నవ్వాడు.

కొడుకు ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకుని, సంతలో బక్క మేకల్ని చూసినట్టు మమ్మల్ని చూశాడు. ఒక మనిషిని చూడగానే అంత అసహ్యం కలగడం నాకు అదే మొదటిసారి.

టీచరమ్మ డిగ్రీ సంగతి ఎత్తలేదు. సాయంత్రం చెప్తాను, అందాకా అబ్బాయిని ఒకటో తరగతి పిల్లల్ని చూసుకోమనండి అంది. ఆసామి భద్రాచలంలో పని ఉందని వెళ్లిపోయాడు.

ఆ దొరబాబు కుర్చీ వదల్లేదు. పిల్లల్ని అక్షరాలు దిద్దమని, తను సెల్‌ఫోనులో ఆట మొదలుపెట్టాడు. చెల్లికి పొద్దుటి నుంచే ఒళ్లు వెచ్చగా ఉందట. అది లేచి "ఏరు" అంది. మా భాషలో ఏరు అంటే నీళ్లు.

"ఏరు చాలా దూరం. కూర్చో" అన్నాడు, ఫోను మీంచి తల ఎత్తకుండా.

అది మళ్లీ అడిగింది. ఏటికి ఆడుకోవడానికి పోతావా అని కసిరి గోడకుర్చీ వేయించాడు. ఇదంతా తర్వాత పిల్లలు చెప్పారు. తడిక ఇవతలి గదిలో ఉన్న నాకు వినిపించింది మాత్రం చెల్లి పడిపోయిన చప్పుడు, పిల్లల ఏడుపు.

నేను పరుగెత్తేసరికి చెల్లి నేల మీద ఉంది. పెదాలు అట్టకట్టి ఉన్నాయి. అతను గుమ్మం దగ్గర నిలబడి, ఎవరూ అడగకముందే, నేనేం చేయలేదు అంటున్నాడు. టీచరమ్మ వచ్చి దాన్ని ఒళ్లోకి తీసుకుంది. నుదుటి మీద తడిగుడ్డ వేసి, తెలివొచ్చాక చుక్క చుక్కగా నీళ్లు పట్టించి, ఆటో పిలిపించి దవాఖానాకు పంపింది. మలేరియా అన్నారు. కొన్నాళ్లకు లేచి తిరిగింది. తను పెట్టిన పరీక్షకు పసిదాన్ని బలిచేశానని టీచరమ్మ మా అమ్మ దగ్గరికొచ్చి ఏడ్చింది.

ఆ రోజు సాయంత్రం ఆసామి తిరిగి రాగానే కొడుకు గొంతు లేచింది.

"తెలుగే రానివాళ్లకి నేనేం చెప్పాలి?"

టీచరమ్మ మెల్లగానే జవాబిచ్చింది. "ఏ డిగ్రీ సదవాలని అడిగినవ్ గద బాబూ. పిల్లలతోటి పనిలేనిది ఏదన్న సదువుకో. గా పిల్లకు జరమొచ్చింది. నీకు మాట తెల్వకపోతె పాయె, మొఖమన్న సూడకపోతివి."

చిన్న విషయానికి ఇంత రాద్ధాంతమా అని ఆసామి గొణుక్కుంటూ జీపెక్కాడు. కొడుకు తర్వాత డిగ్రీ, దాని మీద బీఎడ్ చేసి ఎక్కడో పంతులయ్యాడని విన్నాను. పాపం, ఆ పిల్లలు.

నేనూ బీఏ, బీఎడ్ చదివాను. మావాళ్లు నర్సింగు చదవమన్నా వినలేదు. ఇప్పుడు ఇంటర్ పాసైన పిల్లలు నా దగ్గరికీ వస్తారు. పిల్లలతో పని చేయాలంటే ఏ గ్రూపు, ఏ డిగ్రీ అని అడుగుతారు. మీరు చివరిసారి ఏ చిన్నపిల్లతో మాట్లాడారు, అదేం చెప్పింది అని అడుగుతాను. కొందరు సంబరంగా చెప్పుకుపోతారు. వాళ్లకు చాయ్ పెట్టి, కాలేజీల సంగతులన్నీ చెప్తాను. ఎక్కువమంది మాత్రం, ఇదేం ప్రశ్న అన్నట్టు చూస్తారు. వాళ్లను చూస్తే నాకు ఏడో తరగతిలో కలిగిన ఆ ఏవగింపే ఇప్పటికీ కలుగుతుంది. వయసొచ్చింది, కాస్త మెత్తబడు అంటారు మావాళ్లు. ఈ ఒక్క విషయంలో మెత్తబడాలని నాకు లేదు.