బనియాస్ బరాత్‌లో జురందీర్

బ్రెజిల్‌లోని రెసీఫేలో పుట్టిన జురందీర్ చిన్నప్పుడు తండ్రి వెంట కార్నివాల్ ఊరేగింపుల్లో ట్రంపెట్ ఊదేవాడు. మీసాలొచ్చాక వీధి వాయిద్యం నామోషీ అనిపించి జాజ్ పట్టుకున్నాడు. జనం కూర్చుని, మాట్లాడకుండా వినాలన్నది అతని కోరిక. అబుదాబీలో ఒక హోటల్ అలాంటి ఉద్యోగమే ఇచ్చింది. జనం కూర్చునేవారు, మాట్లాడకుండా మాత్రం ఉండేవారు కాదు.

2020లో కరోనా వచ్చి హోటల్లో సంగీతం ఆగిపోయింది. జురందీర్ చవక గది వెతుక్కుంటూ నగర శివారు బనియాస్ చేరాడు. పక్క ఫ్లాట్‌లో కడప దౌలత్‌బీ, ముసఫ్ఫా గ్యారేజీలో పనిచేసే ఆమె భర్త అమీర్ జాన్ ఉండేవారు. గట్టిగా మాట్లాడితే తెలుగు ఎవరికైనా అర్థమవుతుందని దౌలత్‌బీ నమ్మకం.

"ఏమబ్బా, పొద్దున్నే ఏనుగును చంపుతాండావా?" అని మొదటిరోజే, అతను ట్రంపెట్ సాధన చేస్తుండగా తలుపు బాదింది. మర్నాడు జాలేసి ఉప్మా పంపింది. ఏడాది తిరిగేసరికి అతను కడప యాసలో కారం తగ్గించమని అడగగలిగాడు.

ఆ శీతాకాలంలో వాళ్ళబ్బాయి ఫరాజ్ పెళ్ళి. మాట్లాడుకున్న బ్యాండువాళ్ళందరికీ జ్వరాలు.

"జురన్నా, నువ్వే దిక్కు. ఊదుతావా?" అన్నాడు అమీర్ జాన్.

ఫంక్షన్ హాలు ముందు పెళ్ళికొడుకు కారు దిగగానే జురందీర్ కళ్ళు మూసుకుని తనకు ప్రాణమైన జాజ్ రాగం ఎత్తుకున్నాడు. అది నెమ్మదిగా, బరువుగా సాగింది. ఫరాజ్ మేనత్త కుబ్రా బేగం వెక్కివెక్కి ఏడ్చింది. ఆమెను చూసి ఇంకో నలుగురు అందుకున్నారు.

"ఎవురు పోయినారు?" అంటూ పెళ్ళికూతురి తాత లోపలినుంచి పరుగెత్తుకొచ్చాడు.

"అది ఖలాస్ చెయ్ నాయనా! యల్లా, ఎగిరేది ఊదు!" అని దౌలత్‌బీ కేకేసింది.

చెమటలు పట్టిన జురందీర్‌కు తండ్రి ఊరేగింపు పాట తప్ప ఇంకేదీ తట్టలేదు. అదే ఊదాడు. ఏడ్చిన కుబ్రా బేగమే అందరికంటే ముందు చేతులెత్తి ఆడింది. అతను వెనక్కి చూడకుండా నడిచాడు. అతని వెనకే బరాత్, పెళ్ళికొడుకుతో సహా, హాల్లోకి పోకుండా గుమ్మం దాటేసి, కిరాణా కొట్టు దాటి, మలుపు తిరిగిపోయింది. ఖాజీ బయటికొచ్చి, పెళ్ళికొడుకు ఏడని వాచ్‌మన్‌ను నిలదీశాడు. మలుపు అవతల వెనక్కి తిరిగి, పెళ్ళంతా తన వెంటే వచ్చేయడం చూసిన జురందీర్ నవ్వాపుకోలేక రెండుసార్లు శ్రుతి తప్పాడు. ఎవరూ పట్టించుకోలేదు.

ఆ వారం నుంచే పెళ్ళివాళ్ళ ఫోన్లు మొదలయ్యాయి, ఎక్కడో దూరాన ఉన్న రువైస్ నుంచి కూడా. 2022లో హోటల్ మళ్ళీ పిలిస్తే సంతోషంగానే వెళ్ళాడు గానీ, శనివారాలు సెలవడిగాడు.

"ఎందుకు?" అన్నాడు మేనేజరు.

"పెళ్ళి."

"ఎవరిది?"

జురందీర్ ఆలోచించాడు. "ఈ వారానిది ఇంకా తెలీదు."

మేనేజరు ఎగాదిగా చూసి సరేనన్నాడు. గుమ్మం దాకా వెళ్ళినవాణ్ణి వెనక్కి పిలిచి, వచ్చే నెల తన తమ్ముడి పెళ్ళి ఉందని, ఆ శనివారం ఖాళీయేనా అని అడిగాడు.