కరెంటు తమ్ముడి పేరు

అందరూ బాగున్నారా? ఈ సౌదీలో, యాన్బులో, రాబిగ్‌లో ఉన్న పిల్లలూ, వేళకి తింటున్నారా? మా తబూక్ నర్సమ్మలూ, మీ నడుము నొప్పులు తగ్గాయా? ఊళ్ళో ఉన్న పెద్దలూ, బీపీ మాత్రలు మానలేదు కదా? ఇవన్నీ అడిగితే గానీ నా మనసు నిలవదు. బాగానే ఉన్నానన్న మనిషే పోయాడు మరి. మా కరెంటు తమ్ముడు ఈ చలికాలంలో గుండెనొప్పితో పోయాడు.

సొంత తమ్ముడు కాదు. నాది కడప వైపు, అతనిది గోదావరి వైపు. నేను వంట చేసే ఇంట్లో హీటర్లు బిగించడానికి వచ్చాడు. ఆ ఇంటి మీటరుకు రాత్రిపూట కరెంటు చవక. అందుకని రాత్రంతా లోపలి ఇటుకలను వేడెక్కించుకొని, పగలు ఆ వేడిని వదిలే హీటర్లు తెప్పించాడు మా కఫీలు, అంటే నాకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని. తమ్ముడు వాటికోసం వేరే బోర్డు పెట్టి, ఒక్కో హీటరుకు ఒక్కో లావుపాటి వైరు లాగాడు.

నాకేమో భయం. "రాత్రంతా కాలతానే ఉంటే ఇల్లు అంటుకోదా నాయనా?"

"కాలేది ఇటుకలండి అక్కా, ఇల్లు కాదు."

హీటర్ల నుంచి కాలిన వాసన వస్తోందని ఎన్నిసార్లు ఫోన్ చేశానో! విసుక్కోలేదు. "కొత్తలో వస్తుందండి, కిటికీ తీయండి. మా ఆవిడకన్నా మీరే ఎక్కువ ఫోన్లు చేస్తున్నారు" అని నవ్వేవాడు. "భయపడేవాళ్ళు ఉన్న ఇంట్లో వైరింగు బాగుంటుందండి" అనేవాడు.

కొన్నాళ్ళకి పగలు హీటర్లు చల్లబడ్డాయి. కఫీలు అతని మీద అరిచాడు. తమ్ముడు వంటింట్లోకి వచ్చి మెల్లగా అడిగాడు. "రాత్రి చివర్న పడుకునేది ఎవరండి అక్కా?"

"పెద్దమ్మే. కఫీలు తల్లి. కనబడిన స్విచ్చల్లా ఆపి పడుకుంటాది."

తమ్ముడు ఆ మాట కఫీలుకు చెప్పలేదు. వైరు వదులైందని తన మీదే వేసుకున్నాడు. హీటర్ల స్విచ్చులకు మూతలు బిగించి, పెద్దమ్మ మంచం పక్కన చిన్న దీపమూ, దానికో స్విచ్చూ పెట్టాడు. ఆమె రోజూ అది ఆపి, ఇల్లంతా ఆపానని తృప్తిగా నిద్రపోయేది. ఇంట్లో అందరికీ వెచ్చగా ఉండేది.

తమ్ముడికి గుండెనొప్పి వచ్చిందని ఆసుపత్రి నుంచి మన నర్సమ్మ ఫోన్ చేస్తే, కఫీలు నన్ను కారులో పంపాడు. అప్పటికే ఊపిరి లేదు. గడ్డం కింద అతనికి ఎప్పుడూ ఉండే తెల్లమచ్చ చూశాను. చెయ్యి పట్టుకున్నాను. ఎందరి ఇళ్ళకో వెచ్చదనమిచ్చిన ఆ చెయ్యి అంత చల్లగా ఉంటుందని అనుకోలేదు.

శవపెట్టె మొన్న అతని ఊరు చేరింది. దానికి సీలు వేసి ఉంది, తెరవనివ్వలేదు. అలాగే పూడ్చిపెట్టారు. అతని భార్య నాకు ఫోన్ చేసింది.

"అక్కా, అందులో ఉన్నది ఆయనేనంటారా? అందరూ అవునంటున్నారండి. వాళ్ళెవరూ చూళ్ళేదు కదండీ."

"నేను చూసినానమ్మా. మచ్చ కూడా చూసినా."

"ఫోనులో వద్దక్కా. వచ్చి నా మొహం చూసి చెప్పండి. అప్పటిదాకా సమాధి మీద పేరు రాయించను."

ఆ రోజు నుంచి నాకు ఇదే ఆలోచన. సెలవిస్తారో లేదో, అంత దూరం ఒక్కదాన్నే పోగలనో లేదో, ఎదురుగా కూర్చుంటే నోరు పెగులుతుందో లేదో. పెద్దమ్మే కొడుకుతో మాట్లాడి నాకు ఊరికెళ్ళి తిరిగొచ్చే ఎగ్జిట్ రీఎంట్రీ కాగితం ఇప్పించింది.

వచ్చే నెల రెండో ఆదివారం, ప్రార్థన అయ్యాక తమ్ముడి భార్య ఇంటికి వెళ్తున్నాను. సమాధి మీద పేరు చెక్కే మేస్త్రీని ఆమె ఆ సాయంత్రమే రమ్మంది.