రాతిలో సవరి చేయి

మా ముత్తాత పూతలపట్టు చుట్టుపక్కల ఊళ్లకు మిరాశీదారు. తాత శివరామయ్యగారు రావు బహదూర్. జిల్లాకు కొత్త కలెక్టరు వస్తే ముందుగా మా వాకిట్లోనే కారు ఆగేది. నేను చిత్తూరులో ఒక గ్రానైటు దుకాణంలో సమాధి రాళ్లకు అక్షరాలు కూరుస్తాను. ఈ మాట చెప్పడానికి తల వంచుకోను.

కరోనా తగ్గిన మరుసటి ఏడు ఎస్తేరమ్మ అనే ముసలామె దుకాణానికి వచ్చింది. ఆమె భర్త సవరి ఉలిపనివాడు, ఆ రోగంతోనే పోయాడు. ఏడాది ప్రార్థన నాటికి రాయి నిలబెట్టాలి. పేరు ఇంగ్లీషులో కావాలంది.

కంప్యూటరు మీద ఆల్బర్టస్ అనే ఇంగ్లీషు అక్షరాల తీరు చూపించాను. దీన్ని మా పనిలో ఫ్లేర్డ్ సెరిఫ్ అంటారు. మామూలు సెరిఫ్ అక్షరానికి చివర సన్నని పాదం అతికించినట్టు ఉంటుంది. ఇందులో పాదం ఉండదు, గీతే చివరికి పోయేకొద్దీ మెల్లగా వెడల్పవుతుంది. లోహం మీద చెక్కే పనిలోంచి పుట్టిన రూపం. పుస్తకాల అట్టలకూ, వీధి పేర్ల పలకలకూ వాడతారు. సమాధి రాళ్లకు మరీ అనువు. రాతి మీద రబ్బరు షీటు అతికించి, అక్షరాలు కోసి, ఇసుక చిమ్మి తొలుస్తాం. దాన్ని శాండ్ బ్లాస్టింగ్ అంటారు. ఆ దెబ్బకు సన్నని పాదాలు చిట్లుతాయి, ఇవి నిలుస్తాయి.

ఆమె చాలాసేపు చూసింది. "బాగుండాయి సామీ. మా ఆయనవి కావు."

"అంటే?"

"మీ తాతగారి సమాధి రాయి ఆయన సెక్కిందే కదా. పెండ్లయిన కొత్తలో నన్ను పిల్చకపోయి సూపించినాడు. ఆ అచ్చరాలు కావాల."

సమాధి మా మామిడితోపులో ఉండేది. తోపు చేయి మారాక నేను అటు అడుగు పెట్టలేదు. రెండు రోజులు ఆలోచించి బస్సెక్కాను.

తోపు లేదు. ప్లాట్ల హద్దురాళ్లున్నాయి. తాత సమాధి రాయి బోరు పక్కన వెల్లకిలా పడి ఉంది. దాని మీద కాపలావాడు లుంగీ ఉతుకుతున్నాడు.

"ఎవురప్పా? ప్లాటు సూసేదానికొచ్చినావా?"

"ఆ రాయి మా తాతది."

"అట్నా? మరి ఈడ పారేసి పోయినారే!" అని నవ్వాడు. "ఎత్తకపోవద్దప్పా, బట్టలకు బాగుండాది."

సబ్బు నురుగు కడిగి, రాయి ఆరేదాకా నిలబడి, కాగితం పరిచి, అక్షరాల అచ్చు పడేలా పెన్సిలు రుద్దాను. ఇంగ్లీషు అక్షరాల్లో రావు బహదూర్ శివరామయ్య. సవరికి కావలసిన ఎస్, ఏ, వీ, ఆర్, ఐ అన్నీ తాత పేరులో దొరికాయి. 'ఏ' అక్షరాలు చాలానే ఉన్నాయి గాని ఒకదానిలా ఇంకొకటి లేదు. సవరి పేరుకు రెండు కావాలి, రెండు వేరువేరువి తీసుకున్నాను.

రాయి సిద్ధమయ్యాక ఎస్తేరమ్మ అక్షరాల్లో వేలు పెట్టి తడిమింది. "ఆయనే సెక్కుకున్నట్టుండాది. కూలి నాకిమ్మంటాడు సూడు" అని నవ్వి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సవరి చెక్కిన గీతలూ చివర వెడల్పైనవే. ఆ వెడల్పు సోకు కోసమని అంతవరకూ అనుకున్నాను. తాత రాయి మీద సబ్బూ ఎండా అంచులను అరగదీశాయి. ఆ వెడల్పు ఉన్న చోటే అక్షరం మిగిలింది.

తోపు అమ్మినప్పుడు సమాధి స్థలాన్ని మినహాయించలేదు. దాన్నీ కలిపే అమ్మాం.